అక్కకు చెప్పిన ట్యాక్సు

పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుంటె కనవడననుకుంటానవా? దించు. జర దించయ్యా. నీతోనే మాట్లాడుతాన, గోడతోని కాదు.

చెయ్యి ఎట్ల వచ్చింది నీకు? గది చెప్పు ముందుగాల. సమ్మమ్మ వదిన, నీ తోడబుట్టిన అక్క, ధర్మసాగర్ నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చి, సంచిలకెళ్లి పైసల కట్ట తీసి నీ చేతుల పెడితె ఏమనాలె? 'వద్దక్కా' అనాలె గదా మనిషన్నోడు! నువ్వేమన్నవు? 'నీకెందుకక్కా శ్రమ' అన్నవు. అనుకుంటనే పట్టుకున్నవు. నోరొకటి అంటాంది, చెయ్యి ఇంకోటి చేస్తాంది!

అన్నం తినిపో అంటె కూడ ఆగలే ఆమె. బర్రెకు గడ్డి వెయ్యాలె అని పోయింది. నువ్వు కట్టను బీర్వల పెట్టి తాళమేసి, తానం చేసి వచ్చి పేపర్ పట్టుకున్నవు. సుదర్శన్ సార్! ఏం వార్తలున్నయ్ లోపట?

పేపర్ ఇంకింత పైకెత్తుతానవా? సరే, నేనే మాట్లాడుత.

ఆలస్యంగనో గీలస్యంగనో నీ రిటైర్మెంట్ పైసలన్ని వచ్చినయ్. గ్రాట్యుటీ వచ్చింది, జీపీఎఫ్ వచ్చింది, లీవుల పైసలు వచ్చినయ్, కమ్యుటేషన్ వచ్చింది. అవి బ్యాంకుల పడ్డ సంగతి నాకన్న ముందుగాల చౌరస్తకు తెల్సింది. అందరికన్న మొదాలు వచ్చింది ఎవలు? బట్టల దుకాణం ఓంప్రకాశ్. 'అన్నా, రోడ్డు పక్క ప్లాట్లున్నయ్, ఇప్పుడు పెడితె రేపు బంగారం' అని సోఫల కూసున్నడు.

నువ్వు ఇంత పొడుగు నిట్టూర్పు ఇడ్సి, 'పైసలెక్కడివిరా? సగం ట్యాక్సుకే పాయె' అంటివి.

నేను చాయ్ ఇచ్చి, వంటింట్లకు పోయి నవ్విన. నవ్విన, లేదంటలేను. ఓంప్రకాశుకు గా మందే కరెక్టు.

కని నీకు ఆ మాట రుచి తగిలె! మా తమ్ముడు ట్రాక్టర్ ఫైనాన్సుకని వస్తె అదే మాట. పెండ్లిల్ల బంతి మీద కూసుంటె అదే మాట. చెప్పినప్పుడల్ల ఇంత పెరుగుతాంది. మొదాలు సగం పాయె అన్నవు. దసరాకు ముప్పావు పాయె. శివరాత్రికి నోటీసొచ్చింది, ఇల్లు కూడ జప్తు పెడుతరేమో అన్నవు. అరె, సర్కారు డీఏ కూడ ఇంత ఫాస్టుగ పెంచదయ్యా!

పాపం, ఆ కిషన్ రావు అన్న. నీ పక్క సీట్ల ఇన్నేండ్లు కూసున్న మనిషి. రిటైర్మెంట్ దగ్గరికొచ్చెటాలకు వణుక్కుంట వచ్చిండు. 'చెల్లె, నాకు కమ్యుటేషన్ వద్దని రాసిస్తాన. పింఛన్ల కొంత తెంపుకొని ముందుగాల ఒక్కసారి తీసుకునుడెందుకు, తీసుకొని ట్యాక్సోనికి కట్టుడెందుకు? సుదర్శన్ గతి సూస్తలేనా' అన్నడు. ఆయన బిడ్డ పద్మ మెడికల్ ఫీజు ఆ పైసల మీదనే ఉన్నది. నీకెర్క. ఎర్కుండి ఏమన్నవు? పైన ఫ్యాన్ దిక్కు సూసుకుంట, 'ఆలోచించి చెయ్యి కిషన్' అన్నవు!

అప్పుడు నవ్వలే నేను. ఆ మనిషిని ఆటోల ఎక్కించుకొని హన్మకొండల ఆడిటర్ దగ్గరికి నేనే తోల్కపోయిన.

ఆడిటర్ మొత్తం విని, 'ఎవలు చెప్పిన్రమ్మా మీకు గిట్ల?' అన్నడు. సర్కారు నౌకరి చేసి దిగినోళ్లకు గ్రాట్యుటీ మీద ట్యాక్సు లేదట. కమ్యుటేషన్ మీద లేదట. దిగేటప్పుడు ఇచ్చే లీవుల పైసల మీద లేదు, జీపీఎఫ్ మీద లేదు. నెలనెలా వచ్చే పింఛనే జీతం లెక్కల పడుతదట, దాని మీదికి బ్యాంకు వడ్డీ కలుపుతరట. మన లెక్క కూడ అడిగిండు. చెప్పిన. కొత్త ట్యాక్సు పద్ధతిల మీ పింఛన్ మీద గూడ పడదమ్మా, బ్యాంకోళ్లు వడ్డీల కోసుకున్నది గూడ రిటర్నేస్తె వాపస్ వస్తది అన్నడు.

అంటె నువ్వు కట్టిన ట్యాక్సు ఎంతయ్యా? గుండుసున్న!

కిషన్ రావన్న నా దిక్కు సూసిండు. 'మరి సుదర్శన్‌కు ఎట్ల పడ్డది చెల్లె?'

నేనేం చెప్పాలె? 'ఆయన జాతకం అన్నా' అన్న.

నవ్వుతానవా? పేపర్ ఊగుతాంది, కనవడతాంది నాకు. ఇప్పుడు సూడు, నీ నవ్వు ఎటు పోతదో.

పోయిన ఎండకాలం వదిన ఫోన్ చేసింది యాదికున్నదా? బోరు ఎండిపోయింది తమ్మీ, ఇంకోటి ఏపిద్దామంటె చేతుల లేదు, పంట మీద ఇచ్చేస్త అన్నది. ఎన్నడన్న అడిగిందా అంతకుముందు? నువ్వు హన్మకొండల డిగ్రీ చదివినన్ని రోజులు ఆమె మిరప తోటలకు కూలికి పోయి నీ రూము కిరాయి పంపింది. నువ్వే చెప్పినవు నాకు, మన పెండ్లైన కొత్తల, కండ్ల నీళ్లు పెట్టుకొని. గసొంటి అక్కకు ఏం చెప్పినవు? ఓంప్రకాశుకు చెప్పిందే చెప్పినవు. ఆమె 'అయ్యో బిడ్డా' అని ఫోన్ పెట్టేసింది. బోరు ఎయ్యలే. ఉన్న తడితోని సగం మడే పండించింది. ఆ మిర్చే ఎనుమాముల మార్కెట్ల అమ్మి, ఆ పైసలే తెచ్చింది ఇయ్యాల. శివరాత్రికి నువ్వన్న జప్తు మాట ఆమె దాక పోయింది గదా, నీ ఇల్లు పోవద్దని!

నువ్వు తానానికి పోంగనే బీర్వ తాళం తీసిన. తీసిన, ఏంజేస్తవ్? కట్ట కొంగుల సుట్టుకొని బస్టాపుకు ఉరికిన. చెప్పుల్లేకుండనే.

వదిన ఇంక ఆడనే ఉన్నది, సంచి ఒళ్లె పెట్టుకొని. చెయ్యి పట్టుకొని చెప్పేసిన. 'వదినా, ట్యాక్సు లేదు, నోటీసు లేదు, ఏం లేదు. నీ తమ్ముడు ఆడింది అబద్ధం. ఇవి తీసుకపో' అన్న.

ఏమన్నదో తెల్సా?

'నాకెర్కనే వినోదా' అన్నది.

గట్లనే అన్నది! వాళ్ల ఊళ్లె రిటైరైన పంతులు ఉన్నడట. మా తమ్మునికి ట్యాక్సు తగ్గే ఉపాయం చెప్పు సారూ అని ఆయన ఇంటికి పోయిందట. ఆయన నవ్వి, గసొంటి ట్యాక్సే లేదమ్మా అన్నడట.

'మరి ఎర్కుండి పైసలెందుకు తెచ్చినవ్ వదినా?' అని అడిగిన.

'వాడు నాతోని ఎన్నడు అబద్ధమాడనోడు. ఆడిండంటె, బయటికి చెప్పుకోరాని తిప్పలేదో వచ్చి ఉంటది. రోగమో, అప్పో. దానికి ట్యాక్సని పేరు పెట్టుకున్నడు. పేరు నాకెందుకు?' అన్నది.

కట్ట మల్ల నా కొంగులనే కుక్కింది. బస్సొచ్చింది. ఎక్కుకుంట, 'నాకు ఎర్కైందని వానికి చెప్పకు, సిన్నబోతడు' అన్నది.

చెప్పద్దన్నది చెప్పిన. నా నోరు గూడ మీ ఇంటి నోరే అయింది ఇగ.

వచ్చే తొవ్వల ఆడిటర్‌కు ఫోన్ చేసిన. అక్క తమ్మునికిచ్చిన పైసల మీద ట్యాక్సు పడుతదా అని. 'తోడబుట్టినోళ్లు ఇచ్చిందానికి ట్యాక్సు లేదమ్మా, ఎంతైన సరే' అన్నడు. విన్నవా? దీని మీద గూడ లేదట. ఫికర్ చెయ్యకు, ఇగో కట్ట. పెట్టుకో. నీకు వచ్చేటియన్ని మాఫీలే!

ఏంది, లేస్తానవు? ఎటు? అంగీ ఎందుకు?

ధర్మసాగరా?

పో. పో మంచిదే. కని ఏం చెప్తవ్ పోయి? నిజం చెప్తె నువ్వు సిన్నబోతవని ఆమె సిన్నబోతది. ఇగో, గిట్ల చెయ్యి. ట్యాక్సోళ్లు మొత్తం వాపస్ ఇచ్చిన్రక్కా అని చెప్పు. లేటైనందుకు వడ్డీ గూడ ఇచ్చిన్రని చెప్పు, ఈ కట్ట వాపస్ ఇచ్చి, ఆ వడ్డీ కింద బోరు పైసలు గూడ ఆమె చేతుల పెట్టు.

అబద్ధమే. అయితేంది? నీకు చాతనైన పనే గదా.

నమ్మినట్టే చేస్తది లే ఆమె. మేము ఆడోళ్లం, మాకు గది అలవాటే. పో, బస్సుకు టైమైతాంది.