రెండో చరణం

అత్త తనకిచ్చేసిన చిన్న టర్బో కారును అమ్మే ముందు ఒకసారి చూపిద్దామని మేనకోడలు మెకానిక్ షెడ్డుకు తెచ్చింది. మెకానిక్ గొట్టం విప్పి, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బోలోని చక్రాన్ని వేలితో కదిపి, నమ్మలేనట్టు మళ్లీ కదిపాడు.

"ఏమైందన్నా? టర్బో పోయిందా?"

"పోవడమా! ఇటు రామ్మా, నువ్వే వేలు పెట్టి చూడు. ఇంత తిరిగిన బండిలో ఇది లొడలొడా ఊగాలి. ఇన్నేళ్లుగా ఇవే విప్పుతున్నాను, ఇంత బిగుతుగా ఉన్నది చూళ్లేదు. ఎవరు నడిపేవాళ్లు?"

"మా అత్త. కాన్పులు చేసే నర్సు. కొండమీది ఊళ్లన్నీ దీంతోనే ఎక్కేది."

"ఆయిల్ వేళకి మార్పించేదా?"

"అన్నం మానేసినా అది మానేది కాదు."

"అదొక్కటే చాలదు. కొండ దిగొచ్చాక టర్బో నిప్పులా ఉంటుంది. టక్కున ఇంజన్ ఆపితే లోపలి ఆయిల్ మాడిపోతుంది. ఇంటికి రాగానే ఆపేసేదా?"

"లేదన్నా... ఇంజన్ ఆపకుండా కూర్చుని, ఒక పాట మొత్తం పాడుకుని దిగేది. అలసిపోయొచ్చి ఈ కచేరీ ఏంటని మేం కిటికీలోంచి నవ్వుకునేవాళ్లం. మాకు ఒక్క ముక్కా చెప్పలేదు."

"రోజూనా?"

"రోజూ."

అతను చేతులు తుడుచుకోవడం మరిచిపోయి బండినే చూశాడు.

గొట్టం బిగించాక ఇద్దరూ వంతెనదాకా వెళ్లొచ్చారు. ఆమే నడిపింది. షెడ్డు ముందు బండి నిలిపి, ఇంజన్ ఆపబోయి, తాళం మీదికి పోనిచ్చిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అత్త పాట సన్నగా అందుకుంది.

"మరి అమ్మకం సంగతేంటమ్మా?"

"ఉండన్నా, రెండో చరణం మిగిలే ఉంది."