వయసు అడగని కొట్టు

అధ్యక్షులు వెంకటసామి గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకి, మన తెలుగు సంఘం కార్యదర్శి కన్నబాబుకి, వంటశాల తలుపు దగ్గరగా కుర్చీలు జరుపుకుని కూర్చున్న స్నేహితులకి, అందరికీ నమస్కారం.

నాకు మాట్లాడడం రాదు. ఈ సంగతి మీకు తెలుసు కాబట్టే ఈ సన్మానంలో నాకు పది నిమిషాలు ఇచ్చి, నా గురించి మాట్లాడేవాళ్లకి గంటన్నర ఇచ్చారు. (నవ్వులు) నా చదువు తోట కూలీల పిల్లల బడిలో ఆరో తరగతి. ఆ బడిలో మాట్లాడినవాణ్ణి బెంచీ ఎక్కించేవారు. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. తప్పులుంటే దిద్దుతానని మా కోడలు నంతిని అడిగింది. ఆమె తమిళుల అమ్మాయి, తెలుగు చదవడం రాదు కాబట్టి ధైర్యంగా ఇచ్చాను. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు మూడు మాటలన్నారు. కువాలా సెలంగోర్ బస్టాండు వెనక వీధిలో నలభై ఒక్క ఏళ్లు బొమ్మల కొట్టు నడిపానన్నారు. ఇన్నేళ్లలో కొట్టు మీద ఒక్క ఫిర్యాదు రాలేదన్నారు. ఊళ్లో పిల్లలందరినీ సొంత పిల్లల్లా చూసుకున్నానన్నారు. మొదటిది నిజం. మిగతా రెండిటి గురించే ఈ కాగితం.

నా కొట్టులో మొదటి నుంచీ దీపావళి తుపాకులుండేవి. ఎర్రవి, పచ్చవి, మందు రీలు పెట్టి పేల్చేవి. వాటిని చూసి భయపడినవాళ్లు లేరు, పిల్లులు తప్ప. నాలుగేళ్ల కిందట క్లాంగ్ నుంచి సరుకు తెచ్చే ఆయన కొత్త రకం మూడు తెచ్చాడు. నల్లవి, బరువైనవి, చిన్న గుళ్లు పేల్చేవి. "అసలుదానికీ దీనికీ తేడా కనిపెట్టలేవు అంకుల్" అన్నాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. పెట్టె మీద పద్దెనిమిది అని పెద్ద అంకె, చుట్టూ ఎర్రటి గీత. కళ్లజోడు లేకుండా నాక్కూడా కనపడేది.

నేను నియమం లేని మనిషిని కాను. ఆ బీరువాలో సరుకు అడిగినవాణ్ణి ఐసీ, అంటే గుర్తింపు కార్డు, చూపించమనేవాణ్ణి. ఐసీలో మొదటి ఆరు అంకెలూ పుట్టిన తేదీయే కాబట్టి తోట బడి లెక్కలు సరిపోయేవి. తంజుంగ్ కరాంగ్ నుంచి వచ్చిన ఒక మలాయ్ కుర్రవాణ్ణి పద్దెనిమిదికి పదకొండు రోజులు తక్కువని తిప్పి పంపాను. పదకొండు రోజులయ్యాక వచ్చాడు. అప్పటికి వాడికి దాని మీద మోజు పోయింది, రంగు పెన్సిళ్లు కొనుక్కెళ్లాడు. (నవ్వులు)

అయితే ఆ నియమం ముక్కూ మొహం తెలియనివాళ్లకి. మనవాళ్లకి వేరేది ఉండేది. అది ఎక్కడా రాసి లేదు, ఈ హాల్లో కూర్చున్న కొట్లవాళ్లందరికీ తెలుసు. మన పిల్లవాడు గుమ్మం ఎక్కితే మనం ఐసీ అడగం. ఎవరి పిల్లవాడివని అడుగుతాం. తండ్రి పేరు చెప్పాడంటే ఇక అడగడానికేమీ లేదు. మన తాతలు మలయాలో ఓడ దిగినప్పటి నుంచి అదే మన ఐసీ. దాని మీద పుట్టిన తేదీ ఉండదు.

మూడేళ్ల కిందట దీపావళికి రెండు రోజుల ముందు ఒక పిల్లవాడు వచ్చి బీరువా వైపు వేలు చూపించాడు. ఆ రోజు మాటలు నాకు పూర్తిగా గుర్తున్నాయి, ఎక్కువ లేవు కాబట్టి.

"ఎవరి పిల్లడివిరా?"

"కన్నబాబు కొడుకుని తాతా. ఉదయ్‌ని."

"అమ్మ బాగున్నాదా?"

"బాగున్నాది."

"నాన్నకి నడుం నొప్పి తగ్గినాదా?"

"తగ్గలేదు లా. రోజూ నూనె రాత్తన్నాడు."

"మీ నాయనమ్మ కోలాటం ఆడేది, తెలుసేటి నీకు?"

"తెలీదు తాతా."

నాలుగు ప్రశ్నలు. నా అలవాటుకి అది చాలా ఎక్కువ. అందులో ఒక్కటీ వయసు గురించి కాదు. తాళం తీసి, పెట్టె ఇచ్చి, రెండు మిఠాయిలు కూడా ఇచ్చాను. వాడికి పద్నాలుగేళ్లు.

(కార్యదర్శి కన్నబాబు లేచి నిలబడ్డారు)

కూర్చో కన్నబాబూ. ఇంకా ఉంది.

తర్వాత జరిగింది మీ అందరికీ తెలుసు, తెలియనిది నేను ఇప్పుడు చెప్పిందొక్కటే. సెలవులయ్యాక ఉదయ్ దాన్ని బడి సంచిలో పెట్టుకెళ్లాడు. సాయంత్రం బస్టాండులో స్నేహితుడు ఫోన్‌తో వీడియో తీస్తుంటే, సినిమాలో మాదిరిగా, ఎదురుగా ఉన్న నగల కొట్టు గుమ్మానికి గురిపెట్టాడు. ఆ గుమ్మంలో కాపలా కాసేవాడు మణియం. అదిగో, మూడో వరుసలో గళ్ల చొక్కా. ఆ రోజు మణియం ఒళ్లో ఉన్న తుపాకీ మాత్రం బొమ్మ కాదు.

మణియం నాకు తమిళంలో చెప్పింది మీకు తెలుగులో చెబుతున్నాను. "అన్నా, ముందు తుపాకీ కనపడింది. నాది ఎత్తాను. వేలు పెట్టాల్సిన చోట పెట్టాను. అప్పుడు చొక్కా మీద బడివాళ్లు కుట్టే పేరు కనపడింది. ఉదయ్ అని చదివాను. చదివాక వేలు తీశాను." ఆ పేరు చదవడానికి ఎంతసేపు పట్టిందని అడిగాను. తెలీదన్నాడు. నెల తిరక్కుండా ఆ పని మానేశాడు. ఇప్పుడు మార్కెట్టులో కొబ్బరి తురిమే మిషను దగ్గర ఉన్నాడు. ఆ మిషను ఎవరి వైపూ చూడదు, అందుకే నచ్చిందంటాడు.

ఆ తుపాకీ ఎక్కడిదని పోలీసులు అడిగితే, ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించానని ఉదయ్ చెప్పాడు. అందరూ నమ్మారు. బడివాళ్లు రెండు వారాలు రావద్దన్నారు, పిల్లల నాయకుడిగా ఇచ్చిన ప్రిఫెక్టు టై వెనక్కి తీసుకున్నారు. కన్నబాబు ఫోన్ లాక్కున్నాడు. ఊళ్లో వాడికి ఆన్‌లైన్ తుపాకీ అని పేరు పెట్టారు. మన సంఘం ఇదే హాల్లో, పిల్లల్ని ఫోన్ల నుంచి కాపాడడం ఎలా అని సభ పెట్టింది. ఆ సభకి అధ్యక్షత వహించింది నేను. (నవ్వులు, వెంటనే ఆగాయి) ఆ రోజు రెండే మాటలు మాట్లాడాను. నా వినయం అలాంటిదని వెంకటసామి గారు మెచ్చుకున్నారు.

ఆ సభకి ముందు రోజు ఉదయ్ కొట్టుకొచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. "తాతా, నీ పేరు సెప్పనేదు. నువ్వు బయపడకు" అన్నాడు. పద్నాలుగేళ్లవాడు, డెబ్భై ఒక్కేళ్లవాడితో. నేను "సరే" అన్నాను.

అంతే అన్నాను. వాడు వెళ్లిపోయాడు. నాకు మాటలు రావని మీరంటారు, నేనూ అంటాను. అది సిగ్గు. ఆ రోజుది సిగ్గు కాదు. మూడేళ్లు సిగ్గేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నిన్న పోలీసు స్టేషన్‌కి వెళ్లాను. అమ్మకుండా మిగిలిన రెండిటినీ బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంచాను, వాటిని తీసుకెళ్లాను. తుపాకుల్లాంటివి రెండు సంచిలో వేసుకుని పోలీసు స్టేషన్‌లోకి ఎలా వెళ్లాలో నాకు తెలియదు. నంతిని నేర్పింది. "మామా, చెయ్యి సంచిలో పెట్టకండి. సంచి బల్ల మీద పెట్టి, లోపల ఏముందో నోటితో చెప్పి, మూడడుగులు వెనక్కి జరగండి." అలాగే చేశాను. అక్కడున్న అధికారిణి చిన్న వయసు అమ్మాయి. అంతా రాసుకుంది. "ఇలాంటివి కొట్టులో అసలు పెట్టొచ్చో లేదో ముందే మమ్మల్ని అడగాలి కదా అంకుల్?" అంది. అడగాలన్నాను. "పెట్టె మీద పద్దెనిమిది అని ఉంది కదా?" అంది. ఉందన్నాను. "మరి మూడేళ్లు ఎందుకు రాలేదు?" అంది. దానికి జవాబు రాసుకునే గడి వదిలేసి పక్క గడిలోకి వెళ్లింది. మంచి అమ్మాయి.

పెట్టె మీద అంకె చదవాల్సింది కొనే పిల్లవాడు కాదు, అమ్మేవాడు. పిల్లవాడు చదివాడు కాబట్టే వచ్చాడు. ఈ ఒక్క ముక్క ఈ హాల్లో ఉన్న కొట్లవాళ్లు ఇంటికి పట్టుకెళితే చాలు, నా గురించి మాట్లాడిన గంటన్నరా మర్చిపోండి.

వెంకటసామి గారు ఏదో అంటున్నారు. మైకు ఇవ్వండి.

"కాదు మావా, మనోల పిల్లల్ని ఐసీ అడిగితే ఇంట్లోవోలు కోప్పడరేటి?"

కోప్పడతారు. పోయిన వారం కాగితాలు కోసే కత్తి కోసం మీ మనవడు వస్తే నంతిని ఐసీ అడిగింది. మీరు ఫోన్ చేసి, అది నా మనవడని తెలీదేటి అన్నారు. "తెలుసు అంకుల్, ఎంత వయసో తెలీదు" అంది. మీరు ఫోన్ పెట్టేశారు. (నవ్వులు) మీ మనవడు బాగానే ఉన్నాడు. కత్తి మా దగ్గరే ఉంది.

రేపటి నుంచి కొట్టు నంతినిది. ఆ నల్ల తుపాకులు ఉండవు, అద్దాల బీరువాలో రంగు పెన్సిళ్లు పెడుతుంది. ఎవరి పిల్లవాడివని అడగదు. మొదట్లో మీకు కొంచెం బాధగా ఉంటుంది. నాక్కూడా ఉంది. అలవాటు పడదాం.

మణియం తమ్ముడూ, నీకు నేను ఏమని చెప్పాలో చాలా కాగితాలు రాసి చింపాను. ఆ రోజు నువ్వు పేరు చదివావు. అంతకంటే రాయలేకపోయాను.

కన్నబాబూ, నీ కొడుకు ఫోన్లో ఏమీ కొనలేదు. వాడు నీకు చెప్పింది అబద్ధం, అది నా కోసం చెప్పాడు. తిట్టాలనుంటే ముందు నన్ను తిట్టు, ఇక్కడే ఉన్నాను. బడివాళ్లకి ఉత్తరం నేనే రాస్తాను. నా తెలుగు వాళ్లకి అర్థం కాదు కాబట్టి నంతిని మలాయ్‌లో రాస్తుంది.

ఉదయ్, నువ్వు వెనక నిలబడ్డావు, కనపడుతున్నావు. స్టేషన్‌లో ఆ అమ్మాయి నిన్ను కూడా రమ్మంది, నాన్నతో. రేపు పది గంటలకి. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నా పేరుతో సహా. నువ్వు బయపడకు. నేను తొమ్మిదిన్నరకే వెళ్లి బెంచీ మీద కూర్చుని ఉంటాను.

ఈ సభ పెట్టిన సంఘానికి, వంట చేసిన ఆడవాళ్లకి, ఇంతసేపు నా మాటలు విన్న మీకు కృతజ్ఞతలు. కార్యక్రమంలో దీని తర్వాత శాలువా కప్పడం అని ఉంది. కప్పాలో వద్దో సంఘం భోజనాలయ్యాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, నాకు చలి లేదు. రేపు పొద్దున్నే పని ఉంది.

సెలవు.