థర్మోకోల్ ముక్క

ఏలూరులో ఆ స్కానింగ్ గదికి ఆ రోజు వచ్చినవాటిలో అది పదిహేడో తల. టెక్నీషియనమ్మ కళ్ళు మండుతున్నాయి. అద్దం అవతల కొల్లేటికోట మనిషి మెషిన్లో కదలకుండా పడుకున్నాడు. ఇవతల అతని భార్య చేతిలో, అతని తలగుడ్డలోంచి తీసిన థర్మోకోల్ ముక్క ఉంది.

“ఏంటమ్మా అది?”

“చేపల పెట్టెదండి. ఆపరేషన్లో పుర్రె ఎముక తీసినచోట మెత్తగా ఉంటదని, నేనే కోసి కడుతున్నానండి.”

టెక్నీషియనమ్మ స్కేలు పెట్టి చూసింది.

“పదకొండున్నర సెంటీమీటర్లు. స్కాన్లో ఖాళీ కూడా సరిగ్గా అంతే. మళ్ళీ పెట్టడానికని పొట్ట చర్మం కింద దాచిన ఎముకే అంచుల్లో కాస్త కరిగింది. మూణ్ణెల్లకి రమ్మంటే ఏడాదికి వచ్చారేంటమ్మా?”

“చెరువుల్లో చేపల పట్టుబడులండి. తర్వాత వానలండి.”

“మీ చెయ్యేంటి, వంకరగా అతుక్కుంది?”

“పాతదండి. ఆయన బండి మీంచి పడకముందుది. ఇప్పుడు పాపం, పెట్టింది తిని కూర్చుంటారండి. నా మీద గొంతు కూడా లేవదు.”

“దిగులు పడకండి. ఎముక ఇంకా సరిపోద్ది, వచ్చే వారం పెట్టేస్తారు. మెల్లగా మళ్ళీ పాత మనిషైపోతారు.”

అతని భార్య థర్మోకోల్ ముక్క అంచుల్ని బొటనవేలితో తడిమింది.

“ఇది గట్టిగానే ఉందండి. ఇంకో ఏడాది ఆగితే, ఆ ఎముక పూర్తిగా కరిగిపోద్దాండి?”