రేపట్నుంచి నేను విజిటర్ని

సభకి అధ్యక్షత వహిస్తున్న చైర్మన్‌గారికి, డాక్టర్‌గారికి, ఈ హోమ్‌లో ఉంటున్న పెద్దలకి, నాతో పనిచేసిన నర్సులకి, ఆయాలకి, వంటవాళ్లకి, వెనక వరసలో అప్పుడే కాఫీ కప్పులు లెక్కపెట్టుకుంటున్న మన అకౌంటెంట్‌కి నమస్కారం. (నవ్వులు)

నేనెప్పుడూ ఎవరినీ కోప్పడలేదని చైర్మన్‌గారు ఆకాశానికెత్తేశారు. ఆయన నెలకోసారి వస్తారు కాబట్టి ఆ మాట ఒప్పేసుకుంటున్నాను. మీరెవరూ నోరు విప్పకండి. (నవ్వులు)

అమ్మనో నాన్ననో చేర్పించడానికి వచ్చినవాళ్లకి తోట, చేపల తొట్టి చూపించి, "మీ ఇల్లే అనుకోండి" అనడం ఇన్నేళ్లూ మేనేజరుగా నా ఉద్యోగం. రాత్రి బెల్లు కొడితే ఎవరొస్తారని వాళ్లు అడిగిందే అడుగుతుంటే లోపల విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ వంతు నాకొచ్చింది.

అదిగో, ముందు వరసలో చక్రాల కుర్చీలో కూర్చుని, ఇంకా ఎంతసేపన్నట్టు చూస్తున్న పెద్దమనిషి మావారు. బతుకంతా సిటీ బస్సు నడిపారు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. రిటైరయ్యాక నేనే చూసుకుంటానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఆమధ్య ఒక ఆదివారం ఆయన మంచం దిగబోయి జారారు, పట్టుకోబోయి నేనూ జారాను. ఆయన్ని లేపడం మాట అటుంచండి, ఈ మోకాళ్లతో నేను లేవడమే గగనమైంది. ఇద్దరం నేలమీద కూలబడి, నేను పక్కింటివాళ్లని కేకేస్తుంటే, "ఖాళీగానే ఉన్నావుగా, కాఫీ పెట్టు" అన్నారు. (నవ్వులు) నేనూ నవ్వాను గానీ, ఇక నా వల్ల కాదని ఆ రోజే తెలిసిపోయింది.

మేనేజరమ్మ మొగుడని మీరంతా మొహమాటపడతారని వేరే హోమ్‌లు చూశాం. ప్రతిచోటా తోట, చేపల తొట్టి, మీ ఇల్లే అనుకోండి. ఈయన అవేవీ పట్టించుకోరు. అక్కడి చక్రాల కుర్చీ తెప్పించుకుని, కూర్చుని, ఎడం చేత్తో బ్రేకు వేసి చూస్తారు. ఒకచోట బ్రేకు పట్టక, కుర్చీ ఈయనతో సహా మెల్లగా జారుకుంటూ పోయి రిసెప్షన్ బల్లకి తగిలింది. అక్కడి అమ్మాయి కంగారులో "వెల్కమ్ సార్" అంది. (నవ్వులు) చివరికి మన కుర్చీ ఎక్కారు. బ్రేకు పడింది. "నేనిక్కడ దిగిపోతాను" అన్నారు, చాలా మామూలుగా. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చి వచ్చాను.

ఇక ఫీజు. ఉద్యోగుల కుటుంబాలకి రాయితీ ఉంది, కానీ సర్వీసులో ఉన్నంతవరకే. ఆ రూలు పెట్టిన మహాతల్లి నేనే. ఆయన చేరేది రేపు, నా సర్వీసు ఆఖరు ఇవాళ. సంగతి చెబితే, "నీ రూల్సు తగలెయ్య" అని మావారు దీవించారు. (నవ్వులు) మా ఇద్దరి పింఛన్లూ ఫీజుకి సరిపోతాయి. నా తిండికి మా పై వాటా అద్దెకిచ్చాను.

విజిటర్లు ఎనిమిదింటికల్లా వెళ్లిపోవాలని గంట కొట్టించే రూలు కూడా నాదే. నాకేమైనా వెసులుబాటు ఉంటుందా అని కొత్త మేనేజరమ్మని నిన్న అడిగాను. "రూలు అందరికీ ఒకటేనని మీరే నేర్పారు కదా మేడమ్" అంది. అంత బాగా నేర్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయాలూ, ఒక్క మాట. ఆయన కుడిచెయ్యి చల్లబడిపోతూ ఉంటుంది, దుప్పటి లోపల పెట్టండి. కోప్పడితే పట్టించుకోకండి, ఆకలేసి ఉంటుంది. ఇలాంటివి ఎందరో నాతో చెబితే, తెలుసులెమ్మా అని తలూపాను. మీకూ తెలుసు. అయినా నన్ను చెప్పనివ్వండి. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆయన లేని ఇంట్లో నేను పడుకోలేదు. భయంగా ఉంది.

వాచ్‌మన్ బాబూ, గంట నీ చేతిలో ఉంది. రేపు ఎనిమిదింటికి కొట్టు. నేను లేవడం కాస్త ఆలస్యమైతే, మోకాళ్ల నొప్పి అనుకో.

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.