ఇంకోసారి పంపి చూడు

"ఇంకోసారి పంపి చూడు మిలుంకా."

"పొద్దుట్నుంచీ పంపుతూనే ఉన్నాను కదా కూమ్. పోతుంది, మీ ఫోల్డర్లో చేరినట్టే కనిపిస్తుంది. కాసేపటికి చూస్తే ఉండదు. ఎవరో మింగేసినట్టు మాయం."

మిలుంకా ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పడకగదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. తివాచీల ఫ్యాక్టరీకి ఇంట్లోనే నమూనాలు గీసి పంపడం ఆవిడ పని. తలుపవతల స్లావా సందడి. ఇంటి పునీతుడి పండగ కదా, పిలిచినా పిలవకపోయినా జనం వస్తారు. ఫోనులో ఉన్నవాడు రాద్మిలో, ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసేవాడు. ఆవిడ పెళ్లికి సాక్షిగా నిలబడి, కూతురికి బాప్తిస్మంలో పేరు పెట్టిన కూమ్. పిరోట్‌లో కూమ్ మాట కాదన్నవాళ్లని ఊరు మనుషుల్లో లెక్కవేయదు.

"సాయంత్రంలోగా అందకపోతే కాంట్రాక్టు రద్దంట. పండగపూట నాకీ తద్దినమేంటి?"

"చూస్తున్నా కదా."

"నువ్వు ఇక్కడుండాల్సినవాడివి. పండగ రొట్టె విరిచే వేళయింది, కూమ్ ఏడీ, కూమ్ ఏడీ అని మా మామగారు గుమ్మంలోనే నిలబడ్డారు. ఇన్నేళ్లలో ఒక్క స్లావాకైనా రాకుండా ఉన్నావా?"

"పని పడింది."

"ఏం పని?"

"నీ పనే. చెప్పేది విను. మా కంప్యూటరుకి పెట్టుకున్న ఆ కనెక్షన్ మూసేసి మళ్లీ తెరువు. మీ ఇంటి డిస్కుల్లో ఏవి ఇక్కడ కనపడాలని అడుగుతుంది చూడు, అక్కడ ఏం టిక్ పెట్టావు?"

"పెన్‌డ్రైవ్ ఒక్కటే. ఎప్పుడూ అంతే."

"డి డ్రైవ్‌కి కూడా పెట్టు."

"డి ఎందుకు? అందులో నావి ఉంటాయి."

"తెలుసు."

"తెలిసీ అడుగుతున్నావా? కొండపల్లెల్లో ముసలమ్మల పక్కన కూర్చుని, ఒక్కొక్క ముడీ చూసి గీసుకున్నవి కూమ్. వసంతంలో నా స్నేహితురాలు వెరా, నేనూ కలిసి సొంత మగ్గాలు పెట్టేది వాటితోనే. ఫ్యాక్టరీవాళ్ల కంట పడ్డాయంటే, మేం నూలు కొనేలోపే వాళ్ల మిషన్లు వాటిని నేసి బజార్లో పడేస్తాయి."

"కంట పడనివ్వకు."

"మరి?"

"టెస్టు కోసం అంతే. పెన్‌డ్రైవ్ పాడైందో, దారి పాడైందో తేలాలి కదా. డి ఇక్కడ కనపడిందంటే దారి బాగున్నట్టే. తర్వాత తీసేద్దువుగాని."

"నువ్వంటున్నావు కాబట్టి సరే. ఇంకొకడైతే ఫోను పెట్టేసేదాన్ని... పెట్టాను."

"ఆఁ, వచ్చిందండీ."

"అండీ ఏంటి? పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నువ్వు లేవకు. కదలకుండా ఉంటే తెర తాళం పడిపోతుంది, మౌసు కదుపుతూ కూర్చో."

కూర్చుంది. మధ్యలో అత్తగారు తలుపు తట్టి, వచ్చినవాళ్లకు గోధుమల ప్రసాదం పెట్టేదెవరని నిష్ఠూరమాడి వెళ్లింది. మొగుడు వచ్చి, రకియా సారా సీసా ఎక్కడ దాచావని గొణిగాడు. లేద్దామనుకున్నప్పుడల్లా రాద్మిలో ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అన్నాడు.

"నన్నీ కుర్చీకి కట్టేశావయ్యా. ఇంట్లో అందరూ తిడుతున్నారు, నువ్వేమో నిమిషం అంటావు."

"ఇంకొంచెం."

"కంప్యూటరు లోపల గిర్రున తిరుగుతోంది. నేనేమీ పంపడం లేదు కదా ఇప్పుడు?"

"పాత మిషన్ కదా. అలాగే తిరుగుతుంది."

"డి తీసేయనా?"

"వద్దు."

"దారి బాగుందని తేలిందిగా?"

"వద్దన్నానా, వద్దు. మిలుంకా... వెరాకి చెప్పేశావా, మగ్గాల సంగతి? ఇల్లు అద్దెకు మాట్లాడేశారా?"

"బయానా కూడా ఇచ్చేశాం. ఇప్పుడెందుకది?"

"ఊరికే."

"గొంతేంటి అలా ఉంది? ఒంట్లో బాగోలేదా? తిన్నావా అసలు? పని కాగానే వచ్చెయ్, నీ వాటా క్యాబేజీ సర్మలు విడిగా తీసిపెట్టాను. మా మామగారు నువ్వొస్తే గానీ రొట్టె ముట్టుకోనంటున్నారు."

"విరిచెయ్యమను."

"నువ్వు లేకుండానా?"

"నేను లేకుండానే. నన్ను తలుచుకోకుండా విరిచెయ్యమను."

"పండగపూట ఏం మాటలివి? ఇదిగో, గిర్రున తిరగడం ఆగింది. ఏదైనా పాడైందా?"

"లేదు. అయిపోయింది."

"ఏది?"

"ఉండు... తలుపు వేయనీ. వెళ్లాడు."

"ఎవరు?"

"మేనేజరు. పొద్దుట్నుంచీ నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. నా భార్యదీ ఇక్కడే ఉద్యోగం మిలుంకా, నీకు తెలుసు. ఇద్దర్నీ ఒకే పూట ఇంటికి పంపిస్తానన్నాడు."

"అయ్యో, నా ఫైలు వల్లే కదా నీకింత మాట పడింది. నాతో ముందే చెప్పొచ్చుగా. నేనే ఆయన కాళ్లావేళ్లా పడేదాన్ని. నా కోసం పండగ వదులుకుని అక్కడ కూర్చున్నావు, నీ రుణం ఎలా తీర్చుకుంటానో. ఆ ఫైలు మాత్రం చేర్చు కూమ్, చీకటి పడకముందే. అదసలు ఎందుకు చేరడం లేదో తెలిసిందా?"

"అది పొద్దున మొదటిసారికే చేరింది మిలుంకా. మాయం చేసింది నేనే. ఇందాకట్నుంచీ వచ్చినవి నీ డిలోవి."