నీలం తిరిగిన రక్తం

కోళ్ల రక్తపరీక్ష కొత్తగా తయారుచేస్తున్న అక్క కూతురు షెడ్డు బయటే ఆగిపోయేసరికి, లోపలున్న పిన్ని ఒక కోడిని చంకనెత్తుకుని గుమ్మం దాకా వచ్చింది.

"పోల్చి చూడ్డానికి జబ్బులేని రక్తం కావాలనే నీ కోళ్లది తీసుకున్నా పిన్నీ. మందు కలపగానే అన్నీ నీలం తిరిగాయి."

"నీలమంటే?"

"మనుషులకీ అంటుకునే వైరస్ తగిలినట్టు. అదే నిజమైతే షెడ్డంతా చంపెయ్యాలి."

"నీ నోట్లో మన్ను పడ! కోళ్లు ఇంత గెంతుతుంటే జబ్బేంటే? నీ పరీక్షే తప్పేమో!"

"నా ఆశా అదే. టీకా వేసినా నీలమే వస్తుంది, ఆ తేడా నా పరీక్షకింకా తెలీదు. నేనిచ్చిన టీకా వేశావుగా?"

పిన్ని చంకలోని కోడిని గట్టిగా అదుముకుంది.

"వేశానని ఫోన్లో చెప్పావు, పిన్నీ!"

"సూది గుచ్చితే గుడ్లు మానేస్తాయని జంకానే. ఫ్రిజ్‌లోనే ఉంది."

"ఒక్కదానికీ వెయ్యలేదా?"

"లేదే తల్లీ. అయితే... నీ పరీక్ష తప్పు కాదా?"

"ఆ కోడిని దించి మెల్లగా బయటికి రా. చేతులు మొహానికి తగలనివ్వకు."