ఆగాక వినిపించింది

హోటళ్లలో, ఓడల మీద ముప్పై ఏళ్లు జాజ్ బృందంతో బేస్ వాయించినాయన పోయి ఏడాదైంది. మనిషంత ఎత్తున్న ఆ తీగల వాద్యాన్ని బృందంలో కొత్తగా చేరినామె కోసం తీసుకువెళ్లడానికి, ఆయన పక్కనే డ్రమ్స్ వాయించిన మిత్రుడు ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు.

“వదినా, దీన్నెవరైనా ముట్టుకున్నారా?”

“ఎవరున్నారు ముట్టుకోవడానికి? దుమ్ము దులపడానికి కూడా నాకు చేతులు రాలేదు.”

“ఏడాదిపాటు వదిలేస్తే తీగలు దిగిపోవాలి. ఇవి సరిగ్గా శ్రుతిలో ఉన్నాయి. వేళ్లు ఆనే చోట దుమ్ము కూడా లేదు.”

“భయపెట్టకు మరిదీ. అసలే ఒంటరిదాన్ని.”

“ఇల్లు బావురుమంటోందా?”

“అదే వింత. ఒక్కరోజూ అలా అనిపించలేదు. పడుకుంటే ఇట్టే నిద్ర పట్టేస్తోంది.”

“అన్న వాయిస్తున్నంతసేపూ ఆయన్నెవరూ పట్టించుకునేవారు కాదు. ఒకసారి తీగ తెగి ఆపేస్తే, ఏం పోయిందో తెలియక హాలంతా తలెత్తి చూసింది.”

“ముప్పై ఏళ్లలో జనం నన్ను చూసింది ఆ ఒక్కసారేనని నవ్వేవారు. సరే, తీసుకెళ్లు. మూలపడి ఉండటం ఆయనకి నచ్చదు.”

“బండెక్కించే ముందు తీగలు వదులు చెయ్యాలి. లేకపోతే దారిలో దీని మెడ విరుగుతుంది. మూడయ్యాయి. ఇదిగో, ఇది ఆఖరిది.”

“ఆగు. ఏమిటది?”

“ఏది?”

“ఇప్పుడు ఇంట్లో ఏదో ఆగిపోయింది.”

“నాకూ తెలిసింది వదినా.”

“మళ్లీ బిగించు. ఆ అమ్మాయికి ఇంకోటి చూడండి.”

“బిగిస్తున్నాను. శ్రుతి కూడా చేసి వెళ్లనా?”

“అక్కర్లేదు. అది ఆయన చూసుకుంటారు.”